ప్రశ్నలు - జవాబులు: సింగపూర్‌కు ఎన్ని గంటలు?

ప్రశ్న: ఖరగ్‌పూర్ వర్క్‌షాప్‌లో చేసి రిటైరయ్యాను. సింగపూర్‌లో ఉంటున్న మా అమ్మాయి మా ఇద్దరికీ కోల్‌కతా నుంచి టికెట్లు తీసింది. రాత్రి 11:00కి ఎక్కితే పొద్దున్న 5:40కి దిగుతామట. తిరుగు టికెట్లో రాత్రి 8:30కి ఎక్కి 10:10కే దిగుతున్నాం! వెళ్లేటప్పుడు ఆరు గంటల నలభై, వచ్చేటప్పుడు గంటా నలభయ్యా?
- ఒక పాఠకుడు, మథురాకాటి

జవాబు: రెండు వైపులా పట్టేది నాలుగు గంటల పది నిమిషాలేనండీ. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. సింగపూర్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. వెళ్లేటప్పుడు ఆ రెండున్నర తీసెయ్యండి, వచ్చేటప్పుడు కలపండి.

ఆ తేడా కథ కూడా చెప్పుకోవాలి. మన టైముకు ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది కాకినాడ దగ్గర నుంచే పోతుంది. సింగపూర్ 104 డిగ్రీల దగ్గరుంది కాబట్టి సూర్యుణ్ణి బట్టి చూస్తే గంటన్నర తేడా చాలు. కానీ అక్కడ గడియారాన్ని పలుమార్లు ముందుకు జరిపారు. చివరగా 1982 జనవరి 1న మలేసియాతో పాటు ఇంకో అరగంట జరిపారు. అందుకే అక్కడ తెల్లవారేసరికి ఏడవుతుంది. మీరు దిగేటప్పటికి బయట చీకటే, కంగారు పడకండి.

కోల్‌కతా నుంచి సింగపూర్‌కు ఆకాశమార్గాన సుమారు 2,900 కిలోమీటర్లు. గంటకు 850-900 వేగంతో మూడుంపావు గంటల్లో పోవాలి కదా అంటారేమో. విమానం గేటు వదిలిన దగ్గర్నుంచి అక్కడి గేటు దగ్గర ఆగేవరకూ లెక్క. రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగడం, కాస్త చుట్టుదారి అన్నీ అందులోనే. పైగా ఆలస్యానికి కొంత వెసులుబాటు ముందే కలిపేస్తారు. హౌరా లోకల్ సంత్రాగచ్చి దాటాక ఎందుకు ఈడుస్తుందో తెలిసినవారికి ఇది వేరే చెప్పాలా!

ప్రశ్న: విశాఖ దక్షిణాన ఉంది కదా, అక్కణ్ణుంచి సింగపూర్ దగ్గరని మా బావగారి వాదన. నిజమేనా?
- ఒక పాఠకురాలు, నింపురా

జవాబు: కాదమ్మా. విశాఖ దక్షిణాన ఉన్నా, కోల్‌కతా అంతకంతా తూర్పుకు జరిగి ఉంది. రెండింటి నుంచీ దూరం దాదాపు ఒక్కటే, ఆ 2,900 కిలోమీటర్లే. మీకు మాత్రం ఖరగ్‌పూర్ నుంచి విశాఖ చేరడానికే రైల్లో 765 కిలోమీటర్ల దాకా అవుతుంది. హౌరా అయితే 115. పుట్టింటివాళ్లను చూసి వెళ్లాలనుకుంటే సరే, దూరం కలిసొస్తుందని మాత్రం వద్దు.

కలైకుండా విమానస్థావరం ఇంటి పక్కనే ఉన్నా అది వైమానిక దళానిది, మనకు పనికిరాదు. హౌరాలో దిగి మెట్రో ఎక్కండి. ఎస్ప్లనేడ్‌లో ఒకసారి, నోవాపాడాలో ఒకసారి మారితే విమానాశ్రయం. 2025 ఆగస్టు నుంచి ఈ సదుపాయం ఉంది. లోకల్‌కు మూడు గంటలు, మెట్రోకు గంటన్నర, విమానానికి ముందు మూడు గంటలు వేసుకోండి. ఎగిరే సమయం కన్నా ఇదే ఎక్కువ. అర్ధరాత్రి దాటాక 00:30 విమానమైతే, టికెట్ మీది తారీఖుకు ముందురోజు సాయంత్రం ఐదింటికే ఇల్లు వదలాలి.

ప్రశ్న: అమ్మాయికి ఆవకాయ, గసగసాలు పట్టుకెళ్లొచ్చా?

జవాబు: ఆవకాయ గట్టిగా సీలు వేసి, చేతిసంచీలో కాకుండా లగేజీలో వేయండి. గసగసాలు మాత్రం గింజ కూడా వద్దు. బెంగాలీ ఇళ్లలో రోజూ వండుకునే పోస్తోనే అయినా, సింగపూర్‌లో అవి నిషేధిత వస్తువులు. పెట్టె కట్టేముందు మసాలా పొట్లాలు కూడా ఒకసారి విప్పి చూసుకోండి.