లావు కాదు, అమరిక

పల్లెటూరి వాణ్ణి, చట్రమంటే నాకు మొదట తెలిసింది ట్రాక్టరు ట్రక్కు చట్రమే. అది ఊగితే "ఇంకాస్త లావు ఇనుము వెయ్యండి" అంటారు మావాళ్ళు. అయితే లావుకన్నా అమరిక ముఖ్యం.

నాలుగు కర్రలకు మూలకొక మేకు కొట్టి, పక్కనుంచి తోసి చూడండి. ఒరిగిపోతుంది. మూల నుంచి మూలకు ఐదో కర్ర కొట్టండి, ఇక కదలదు. భుజాల పొడవు మారనిదే త్రిభుజంలో కోణాలు మారవు. హైస్కూల్లో మనం బట్టీపట్టిన భు-భు-భు నియమం ఇదేగా!

1954లో అమ్మకానికొచ్చిన మెర్సిడెస్ 300 ఎస్.ఎల్. కారు చట్రాన్ని సన్నని గొట్టాలతో త్రిభుజాలుగా అల్లారు. పక్కల చట్రం ఎత్తుగా రావడంతో మామూలు తలుపులకు చోటు లేక, పైకి తెరుచుకునే తలుపులు పెట్టారు.

పాత కారుకు ఇంటి దగ్గర ఊతకడ్డీలు వేసేవారికీ ఇదే సూత్రం. కడ్డీ కొసలు చట్రం కలిసే మూలల్లోనే ఆనాలి. పలుచని రేకు నడుమ అతికిస్తే రేకే వంగుతుంది. ముందుగా బాటరీ తీగలు విప్పి, పెట్రోలు టాంకీని దూరం పెట్టాలి. కారును మట్టంగా నిలిపి, రెండు కర్ణాలూ కొలిచి, చుక్కలుగా అతికి, మళ్ళీ కొలవాలి. ఆపైన ఇటు కొంచెం, అటు కొంచెం వెల్డింగు చేయాలి. ఒకేవైపు చేసుకుపోతే, చల్లారే లోహం కుంచించుకుంటూ చట్రాన్ని వంకర లాగేస్తుంది. వంకర చట్రమున్న బండి తిన్నగా నడవదు. అందులో కూర్చునేది మనవాళ్ళే కదా! టేపు పట్టుకోవడానికి బద్ధకిస్తే ఎలా?