కొంకిపురుగులు – తల్లికి రక్తహీనత



మన తీరపు ఊళ్ళలో తరచు వినిపించే మాట ఒకటుంది: "కడుపుతో ఉంది గదా, నీరసం, ఆయాసం మామూలే." మామూలే అని ఊరుకోకండి. ఆ నీరసం రక్తం తగ్గటంవల్ల కావచ్చు. రక్తం తగ్గటానికి తిండి చాలకపోవటం ఒక్కటే కారణం కాదు. పేగుల్లో చేరిన కొంకిపురుగులు కూడా కారణం కావచ్చు.

ఈ పురుగు పొడవు సుమారు ఒక సెంటీమీటరు. ఏలికపాములాగా మలంలో కంటికి కనపడదు, కాబట్టి ఎవరూ అనుమానించరు. పేగు గోడను కరచి పట్టుకుని రక్తం పీలుస్తుంది. వంద పురుగులుంటే, వాటి జాతిని బట్టి, రోజుకు 3 నుంచి 20 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. టీ చెంచాతో కొలిస్తే అర చెంచా పైమాటే, నాలుగు చెంచాల దాకా కూడా. ఇది ఒక్క రోజు లెక్క. పురుగేమో ఏళ్ళ తరబడి బతుకుతుంది!

నోటి ద్వారానే వస్తుందనుకుంటారు చాలామంది. శాస్త్రజ్ఞులూ ఒకప్పుడు అట్లాగే అనుకున్నారు. కైరో నగరంలో లూస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడి చేతిమీద ఈ పిల్లపురుగులున్న నీటిచుక్క పడింది. చర్మం ఎర్రబడి దురద పుట్టింది. కొన్ని వారాలకు ఆయన మలంలోనే గుడ్లు కనిపించాయి. చర్మం గుండా దూరుతుందని ఆయన 1898లో ప్రకటించాడు.

సర్వి తోపులో, నీడపట్టున, తడి ఇసుకలో మలవిసర్జన చేస్తే జరిగేది ఇదే. గుడ్లు పగిలి, వారం పది రోజుల్లో పిల్లపురుగులు కాచుకుని ఉంటాయి. వట్టి కాళ్ళతో నడిచినవారి వేళ్ళ సందుల్లోంచి దూరి, రక్తంలో కలిసి, ఊపిరితిత్తుల మీదుగా గొంతుకు వచ్చి, మింగుడుపడి పేగు చేరుతాయి. మరుగుదొడ్డి, కాళ్ళకు చెప్పులు – ఈ రెండూ ఉంటే దానికి దారి లేదు.

కాలివేళ్ళ మధ్య దురద, కడుపునొప్పి, కనురెప్ప లోపల పాలిపోవటం, నాలుగడుగులకే ఆయాసం, కాళ్ళవాపు, మన్నో పచ్చిబియ్యమో తినాలనిపించటం – వీటిలో ఏవి ఉన్నా రక్తపరీక్ష చేయించండి. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గకూడదు. బాగా తగ్గితే బిడ్డ నెలలు నిండకముందే పుట్టవచ్చు, బరువు తక్కువ కావచ్చు. కాన్పులో కొద్దిపాటి రక్తస్రావం కూడా తల్లి ప్రాణం మీదికి తెస్తుంది.

మందు సులువే. ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి. అయితే గర్భిణులు మొదటి మూడు నెలల్లో వేసుకోకూడదు. నాలుగో నెల వచ్చాక, ఆరోగ్య కేంద్రంలో అడిగి వేసుకోవాలి. పురుగు పోయినంత మాత్రాన పోయిన రక్తం తిరిగి రాదు. ఐరన్ మాత్రలు నాలుగో నెలనుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు మింగాలి. మలం నల్లగా వస్తోందని భయపడి అవతల పారేస్తుంటారు కొందరు. నల్లగా రావటం సహజం. టీతో మాత్రం మింగకండి.

కాన్పుకూ కాన్పుకూ ఎడం లేకపోతే ఈ రక్తం కూడదీసుకునే వ్యవధి ఎక్కడిది? మూడేళ్ళ ఎడం ఉంచండి. కాపర్-టి వేయించుకుంటే కొందరికి బహిష్టు రక్తం ఎక్కువ పోతుంది. రక్తం తక్కువగా ఉన్నవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. హిమోగ్లోబిన్ 7 గ్రాములకన్నా తక్కువైతే ట్యూబెక్టమీ కూడా చెయ్యరు, ముందు రక్తం పట్టాలి. అంతదాకా భర్త నిరోధ్ వాడవచ్చు. ఇక పిల్లలు చాలనుకుంటే ఆయనే వేసెక్టమీ చేయించుకోవచ్చు. కుట్లు లేకుండా చేసే పద్ధతి ఉంది. ఆ తరువాత కూడా మూడు నెలలపాటు నిరోధ్ వాడుతూనే ఉండాలి.