నావికుడి టోపీ

టోపీ మీద వ్యాసమేమిటని మిత్రులు నవ్వవచ్చు. కాని నన్ను లైబ్రరీ చుట్టూ తిప్పింది ఒక టోపీయే. మా పెద్దనాన్నగారబ్బాయి విశాఖపట్నంలో నేవీలో నావికుడు. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు, నల్ల రిబ్బను చుట్టిన అతని గుండ్రటి తెల్ల టోపీని తాతయ్య నెత్తిన పెట్టుకు చూసి, "ఎండ ఆపదు, వాన ఆపదు. మరెందుకురా ఇది?" అన్నాడు. అన్నయ్య నవ్వి ఊరుకున్నాడు. బి.యస్సీ. చదువుతున్నాను గదా, నేను ఊరుకోలేకపోయాను.

మన నేవీ దుస్తులు చాలావరకు బ్రిటిష్‌వారి నుంచి వచ్చినవే. అక్కడ ఆఫీసర్లకు 1748లోనే యూనిఫారం ఏర్పడింది. తాళ్ళు లాగే నావికులకు మాత్రం 1857 దాకా లేదు! వాళ్ళకు వెడల్పు అంచు గడ్డి టోపీ ఒకటి ఉండేది, మన తాటాకు గిడుగుకు చుట్టమే అనుకోండి. తాతయ్య మెచ్చేవాడు. దాన్ని 1921లో తీసేశారు. అంచులేని గుండ్రటి టోపీ మిగిలింది. దాని రిబ్బను మీద ఓడ పేరుండేది. రెండో ప్రపంచయుద్ధంలో ఓడ ఆచూకీ శత్రువుకు తెలియకూడదని పేరు తీసేసి, ఉట్టి "హెచ్.ఎం.ఎస్." అని ఉంచారు.

కాలరు మీది మూడు తెల్లచారలు నెల్సన్ గెలిచిన మూడు యుద్ధాలకు గుర్తని అంటారు. వినడానికి బాగుంది గాని ఆధారం లేదు. నెల్సన్ పోయింది 1805లో, చారలు ఖాయమైంది 1857లో. బెల్‌బాటమ్ ప్యాంటుకు ఏడు మడతలు ఏడు సముద్రాలకట! నిజానికి చిన్న పెట్టెలో పట్టాలని అడ్డంగా మడిచేవారు. మనిషి పొట్టయితే మడతలు తగ్గేవి. డెక్కు కడిగేటప్పుడు ఆ ప్యాంటు మోకాళ్ళ పైకి సులువుగా మడుచుకోవచ్చు. ఊడ్పుల్లో మా నాన్న పంచె ఎగగట్టడమూ ఇందుకే.

ఈ పెట్టె సంగతి చిన్నది కాదు. అమెరికా నావికులకు 1886 నుంచి తెల్ల కాన్వాసు టోపీ. ఉతుక్కోవచ్చు, అంచు దించితే ఎండా ఆగుతుంది. అడ్మిరల్ జుమ్‌వాల్ట్ హయాంలో, ఆఫీసరుకూ నావికుడికీ తేడా తగ్గాలని, 1973 నుంచి అందరికీ కోటు, టై, ముందు అంచున్న టోపీ పెట్టారు. ఉద్దేశం మంచిదే. కాని కోటు తగిలించుకోడానికి ఓడలో చోటేదీ? 1980 నాటికి పాత దుస్తులే తిరిగొచ్చాయి.

మన నేవీలోనూ 2022లో జెండా మారింది, 2023లో అడ్మిరల్స్ భుజకీర్తులు శివాజీ రాజముద్ర నమూనాలో మారాయి. ఈసారి అన్నయ్య వస్తే అడగాలి, పెట్టె సరిపోతోందా అని.