షట్టర్ సరిపోకపోతే నష్టం ఎవరిది?

ప్రశ్న: సింకు దగ్గర తడికి మా వంటింటి అల్మారాల తలుపులు ఉబ్బిపోయాయి. లోపలి పెట్టెలు గట్టిగానే ఉన్నాయని షట్టర్లు, డ్రాల ముందు పలకలు మాత్రం మార్పించాం. దుకాణం మనిషే వచ్చి కొలతలు తీసుకున్నాడు. తీరా బిగిస్తే మూడు షట్టర్లు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి, రెండు డ్రాలు మూసుకోవడం లేదు. ‘కొలత పెట్టి చేసిన సరుకు వెనక్కి తీసుకోం, కావాలంటే అంచులు చిత్రిక పట్టిస్తాం’ అంటున్నారు. మాకు దారేమిటి?

జవాబు: అమ్మా, ముందుగా ఆ చిత్రిక పని ఆపించండి. అంచు చెక్కితే పైనున్న పట్టీ పోతుంది, మళ్లీ నీరు పట్టి చెక్క ఉబ్బుతుంది. పైగా కొలత తప్పిందనడానికి మీ దగ్గర ఉన్న రుజువు కూడా ఆ చెక్కపొట్టుతోనే పోతుంది. ప్రతి షట్టర్‌కూ టేపు ఆనించి, అంకెలు కనబడేలా ఫొటోలు తీయండి.

ఇక మీ కేసంతా ఒక్క ప్రశ్న మీద నిలబడుతుంది: కొలిచింది ఎవరు? మీరే కొలిచి అంకెలు రాసి ఇచ్చి, వాళ్లు అచ్చం అలాగే చేసి ఉంటే నష్టం మీదే అవుతుంది. వాళ్ల మనిషి కొలిచాడు కాబట్టి అది వాళ్ల సేవలో లోపం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం దీన్ని స్పష్టంగానే చెబుతోంది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం ఆ చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ముద్ర కొట్టినంత మాత్రాన మీ హక్కు పోదు.

ఈ తగాదాలు ఎక్కడ పుడతాయో కూడా చెప్పాలి. మన వడ్రంగులు అంగుళాల్లో, సూతుల్లో మాట్లాడతారు. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, 3 మిల్లీమీటర్ల పైచిలుకు. పక్కపక్కనున్న రెండు షట్టర్ల మధ్య వదిలే సందు దాదాపు అంతే. ఒక్క సూత్ తప్పు చదివితే ఆ సందు మొత్తం పోయినట్టే. ధరను, పరిమాణాన్ని ప్రామాణిక కొలమానాల్లోనే చెప్పాలని 2009 నాటి తూనికలు కొలతల చట్టం 11వ సెక్షన్ అంటుంది. అందుచేత మిల్లీమీటర్లలో రాసిమ్మని అడగడానికి ఎవరూ మొహమాటపడనక్కర్లేదు.

మార్పించబోయేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. ఖాళీని కాదు, పాత తలుపునే కొలిపించండి, అదీ పైన, మధ్యన, కింద. వెడల్పు ముందు, ఎత్తు తర్వాత రాయించండి. 450, 600 తారుమారైతే గీతల డిజైను నిలువుకు బదులు అడ్డంగా వస్తుంది. మందం ఎంత, తలుపు పెట్టె అంచుమీద కూర్చుంటుందా లోపల ఇముడుతుందా, బందుల రంధ్రం అంచుకు ఎంత దూరం అన్నవీ ఉండాలి. డ్రా పలకలైతే హ్యాండిల్ రంధ్రాల మధ్య దూరం కూడా. ఆ కాగితం మీద కొలిచినవాడి సంతకం, తేదీ పెట్టించి, ఫొటో తీసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

మీ దగ్గర అలాంటి కాగితం లేదని దిగులు పడకండి. ‘రేపు కొలతకు మనిషి వస్తాడు’ అన్న వాట్సాప్ సందేశం, కాల్ వివరాలు, అడ్వాన్సు చెల్లింపు కూడా సాక్ష్యమే. లోపాలు వివరిస్తూ, మార్చి ఇవ్వడానికి 15 రోజుల గడువు పెట్టి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే కొన్ని తగాదాలు అక్కడే తెగిపోతాయి. తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. దుకాణం ఏ ఊళ్లో ఉన్నా, మీరు ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. మార్పిడి గానీ డబ్బు వాపసు గానీ, దాంతోపాటు పరిహారం, ఖర్చులు కోరండి.

పాత షట్టర్లు ఇంకా ఇంట్లోనే ఉంటే తూకానికి వేయకండి. కొత్తవి ఏ కొలతలో ఉండాలో కమిషన్ ముందు చూపించడానికి అవి కావాలి.