ఎవరి పేరు క్రింద వెదకవలెను?

నాగలమడిక

అమ్మణ్ణీ,

తోటివానికి 18, నాకు 3, ఇక నేను పరిశోధనకు పనికిరానేమో తాతా అని వ్రాసితివే, ఆ 18ని ఒక్కసారి విప్పి లోపల నేమున్నదో చూచితివా? హెచ్-ఇండెక్స్ అనగా నేమో నాకు ఒక పుట నిండుగ బోధించితివి గాని, 2005లో హిర్ష్ అను భౌతికశాస్త్రజ్ఞుడు దానిని కల్పించునాటికే నేను ఉద్యోగము విరమించి, ఇల్లు చేరి, పినాకిని ఒడ్డున వేరుసెనగ కళ్లమునకు కాపలా కాయుచుంటిని. కాపలాలో తీరిక చాలగలదు గనుక అదియు చదివితిని. ఇన్ని పత్రములు కనీసము అన్నేసి మారులు ఉల్లేఖింపబడినవన్నంత వరకే అది చెప్పును. ఎవరు ఉల్లేఖించిరి, ఎందుకు, చదివియా చదువకయా, మెచ్చియా ఖండించియా అను మాట అందులో లేదు. లేనిదానిని దానినుండి పిండవలెనని నీ ప్రయత్నము.

నీవు గురుస్థానమున నిలుపుకొన్న డాక్టరు కె. శ్రీనాథ్ రెడ్డిగారినే చూతము. ఉస్మానియా వైద్యకళాశాలలో చదివి, ఢిల్లీ ఎయిమ్స్‌లో హృద్రోగశాఖకు అధిపతియై, 2006లో పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియాకు అధ్యక్షులైన ఆయన పేరుమీద నున్న ఉల్లేఖనములను నీవు వేలలో ఎంచి నివ్వెరపోవుచున్నావు. ఆ వేలన్నియు ఒకే జాతివి కావు. 1998లో సలీం యూసుఫ్‌తో కలసి సర్క్యులేషన్ పత్రికలో, వర్ధమానదేశములపై విరుచుకొని పడనున్న హృద్రోగమును గూర్చి ఆయన వ్రాసిన వ్యాసమున్నదే, అది తరువాతివారి పత్రములలో తరచుగ మొదటి వాక్యము చివరనే కనబడును. పెండ్లిపత్రిక పైభాగమున ఇలవేలుపు పేరు వేసినట్లు, రోగము పెరుగుచున్నదని చెప్పి సాక్ష్యముగా దానిని నిలుపుదురు. అది తప్పు గాదు, ఆ వ్యాసమునకు అంతటి యోగ్యత కలదు. కాని మొక్కి దాటిపోవుట వేరు, ఆ గుడిలో కూర్చుండి పనిచేయుట వేరు. 2007లో జామాలో వచ్చిన మరియొక పత్రమున ఆయన పదిమందికి పైబడిన కర్తలలో ఒకరు. దక్షిణాసియావారికి తొలి గుండెపోటు సగటున 53వ ఏట వచ్చుచుండగా తక్కినదేశముల వారికి 58.8 ఏండ్లకు వచ్చుచున్నదని అందు తేల్చిరి. ఆ అయిదారేండ్ల అంతరము నీవు రాత్రి డ్యూటీలో ప్రతిదినము కన్నులార చూచుచున్నదే గదా.

నాకు మాత్రము వీనికన్న మూడవది ప్రియము. అది 2006లో ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ఎపిడెమియాలజీలో వెలువడినది. అందును ఆయన పలువురిలో ఒకరే. ఉభయ గోదావరి జిల్లాల 45 గ్రామములలో ఒక సంవత్సరమున సంభవించిన 1,354 మరణములను ఇంటింట విచారించి వ్రాసిన లెక్క అది. ధ్రువపత్రమిచ్చు వైద్యుడు లేని ఊళ్లలో, శిక్షణ పొందిన ఆరోగ్యకార్యకర్త చనిపోయినవాని యింటికి పోయి, అరుగుమీద కూర్చుండి, నొప్పి ఎక్కడ మొదలైనది, చెమట పట్టెనా, ఎంతసేపు బ్రతికెను అని భార్యను, కొడుకును అడిగి వ్రాసికొని వచ్చిన దానిని వైద్యులు చదివి కారణమును నిర్ణయించిరి. నూటికి 32 మరణములు రక్తప్రసరణవ్యాధులవి. అంటురోగములవి 12 మాత్రమే. పల్లెలలో జనులు కలరాతోను జ్వరములతోను పోవుదురని పట్టణములలో కూర్చున్న మేము తరగతిలో చెప్పుచుంటిమి. మా పాఠము పాతబడినదని ఆ 1,354 ఇండ్ల వారు చెప్పిరి.

దానిని చదివిననాడు నాకు మీ అవ్వ అన్నగారు తలపునకు వచ్చిరి. తెల్లవారుజామున కళ్లములో ఎడమచేయి లాగుచున్నదని, వాయువు పట్టినదని వాము నమిలి, నీళ్లు త్రాగి, బోదెకు చేరగిలిన మనిషి చేరగిలినట్లే ఉండిపోయెను. ఆ మరణము గుండెపోటని ఊరిలో ఎవరును వ్రాయలేదు, వైద్యుడనైన నేనును వ్రాయలేదు. ఏ పత్రములోను ఆయన ఒక అంకె కాలేదు. నీ హెచ్-ఇండెక్స్‌ను తలచి నీవు నిద్రమాని దిగులుపడుచుండగా నాకు ఆయన జ్ఞప్తికి వచ్చుటలో విరోధమేమియు లేదు.

ఇక గద్దింపు. దానికి ముందు నా తప్పు చెప్పుకొనవలెను, లేనిచో నాకు నోరు రాదు.

నేను జీవరసాయనమున ఎం.డి. చేయునాడు భాస్వరమును కొలుచుటకు మాకు ఫిస్కే-సుబ్బారావు పద్ధతియే గతి. పరీక్షానాళికలో మాలిబ్డేటును, ఆమ్లమును, అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లమును కలిపి కొన్ని నిముషములు నిలిపితిమా, భాస్వరమున్నంత మేరకు నీలము తేలును. నీలపు చిక్కదనమే లెక్క. నాళికలను బజారు సబ్బుపొడితో తోమితిమా, అందలి ఫాస్ఫేటు వలన ఏమియు వేయని నాళికయు నీలమగును! ఒక పరిచారకుడు అట్లు తోమిన పాపమునకు నేను వారము దినముల పని పారబోసితిని. ఆ పద్ధతిని మన భీమవరపు యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో తన ఆచార్యుడు సైరస్ ఫిస్కేతో కూడి, 1925లో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ 66వ సంపుటమున 375వ పుట మొదలు ప్రకటించెను. నా సిద్ధాంతవ్యాసములో నేను 56వ సంపుటమని వ్రాసితిని. ఎందుకనగా నా ముందటివాడు అట్లే వ్రాసెను, నేను వానిని చూచి దింపితిని. పరీక్షకుడు వృద్ధుడు, మెల్లగా మాటాడువాడు. మూలమును చూచితివా నాయనా అని అడిగెను. చూచితినంటిని. ఆయన గ్రంథాలయము నుండి 56వ సంపుటమును తెప్పించి, 375వ పుట విప్పి నా ముందుంచి, తాను కిటికీవైపు చూచుచు కూర్చుండెను. అక్కడ మరేదో వ్యాసమున్నది. ఆయన ఒక్క మాటయు అనలేదు, ఉత్తీర్ణుని చేసెను. నా చెవులు మాత్రము ఇప్పటికిని వేడెక్కును. నా తరువాతి యిద్దరు నన్ను చూచి 56 అనియే దింపిరని పిమ్మట తెలిసినది. 2003లో లాస్ ఏంజిలిస్‌లో ఇరువురు పరిశోధకులు ఇట్టి తప్పులు ఒకరినుండి ఒకరికి ప్రాకిన తీరును గణించి, ఉల్లేఖించువారిలో మూలమును చదివినవారు అయిదింట ఒకవంతు మాత్రమేనని అంచనా కట్టిరి. ఆ తక్కిన నాలుగువంతులలో మీ తాత యొకడు.

సిగ్గుతో మరునాడే పోయి అసలు వ్యాసమును చదివితిని. చదివినమీదట ఆశ వదలక, 1927 నాటి ఫిస్కే-సుబ్బారావుల పనిని గూడ చదివితిని. మాంసమునుండి తీసిన ద్రవమును అదే పద్ధతిలో కొలువగా, నీలము ఒక్కసారి తేలి నిలువక, క్రమక్రమముగా ముదురుచుండెనట. మరియొకడైనచో నాళిక మురికిదని పారబోసియుండును. క్రియేటిన్‌తో ముడివడియున్న భాస్వరము ఆ ఆమ్లములో కొంచెము కొంచెముగా ఊడివచ్చుచున్నదని వారు గ్రహించిరి. ఫాస్ఫోక్రియేటిన్ అట్లు దొరికినది, 1929లో ఏ.టి.పి.యు వారికి దొరికినది, అదే యేట జర్మనీలో లోమన్‌కును దొరికినది. ట్రోపోనిన్ రాకపూర్వము గుండెపోటును పట్టుటకు మేము కొలిచిన సి.కె.-ఎం.బి. ఆ ఫాస్ఫోక్రియేటిన్‌తో పనిచేయు ఎంజైమే. నీ రోగి గుండె కొట్టుకొను ప్రతి క్షణమునను ఆ 2 అణువులనే వ్యయించుచున్నది. ఇందుకై సుబ్బారావు నెవడు ఉల్లేఖించును?

ఉల్లేఖించుట యన్నంతనే మరొక ముచ్చట. గార్ఫీల్డ్ 1964లో ప్రారంభించిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ సంపుటములు మేలుకాగితముపై చీమలబారువంటి అక్షరములతో నుండెడివి. భూతద్దము పట్టుకొని, తెలుగువాడనను గర్వముతో, సుబ్బారావు పేరు క్రింద 1925 వ్యాసమును వెదకితిని. లేదు. ఆ సూచికలో మూలపత్రమునకు మొదటి కర్త పేరొక్కటే శీర్షిక. ఫిస్కే పేరు క్రిందికి పోగా, పుట పొడవున ఉల్లేఖనములు బారులు తీరియున్నవి. ప్రపంచములో మిక్కిలిగ ఉల్లేఖింపబడిన పత్రములలో నొకటి అది, ఆ వరుసలో మనవాని పేరు లేనేలేదు. ఇప్పుడు నీ తోటివాని 18ని లెక్కించు యంత్రము 20వ కర్తకును మొదటి కర్తకును సమానముగ వడ్డించుచున్నది. ఒకటి పూర్తిగ ఎండగట్టినది, ఇది అందరికి పొంగించుచున్నది, కొలత రెండింటను లేదు.

గార్ఫీల్డ్ 1955లో ఈ సూచికను ప్రతిపాదించినప్పుడు, ఒక పత్రమును తరువాతివారెవరైన ఖండించిరా యని పాఠకుడు వెదకికొనుటకై, దోషభూయిష్ఠములైన ఫలితములను కన్నుమూసి ఉల్లేఖింపకుండుటకై దానిని కోరెను. మనుష్యులకు మార్కులు వేయుటకు గాదు. 2020 మే 22న లాన్సెట్‌లో వచ్చిన హైడ్రాక్సీక్లోరోక్విన్ పత్రము, ఆ నెలారంభముననే న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో హృద్రోగమును గూర్చి వచ్చిన పత్రము, ఒకే గణాంకసంస్థ సామగ్రితో వ్రాసిన ఆ రెండును జూన్ 4న ఉపసంహరింపబడినవి. పిమ్మటను వానిని సాక్ష్యముగ చూపుట జనులు మానలేదు. ఆ ఉల్లేఖనములును యంత్రములో పడి, ఎవరి సంఖ్యనో పెంచినవి.

కావున అమ్మణ్ణీ, నీ 3ని నాకు పంపుము, ఆ 3 పత్రములను గూడ పంపుము. పుష్యశుద్ధ షష్ఠి రథోత్సవమునకు ఎట్లును రావలెను గదా, సుబ్రహ్మణ్యస్వామి తేరు లాగినమీదట రెండు దినములుండి, పావగడ బస్సెక్కుటకు త్వరపడకుము. మన హోబళి పల్లెలలో గత సంవత్సరము పోయినవారి యిండ్లకు నాతో నడువుము. నాకు దారులును బంధుత్వములును తెలియును, అడుగవలసినవి నీకు తెలియును. దానినుండి పత్రము వచ్చునో రాదో నేను చెప్పజాలను. మీ అవ్వ మాత్రము అన్నగారిని గూర్చి అడుగకమునుపే చెప్పును.

మరచితిని. నీ మూడవ పత్రమును నీ తండ్రి ఫోనులో నాకు చూపెను. అందలి 11వ ఉల్లేఖనములో సంపుటసంఖ్య సరిచూచితివా? నా కంటికి అది దింపుడువలె నున్నది.

నీ తాత