తీయనిచ్చినా, పంచడం నేరమే

"ఫొటో నువ్వే పంపావు కదా, ఇప్పుడు ఎవరిననుకుని ఏం లాభం?" ఆన్‌లైన్‌లో వేధింపుల పాలైన ఆడపిల్లకు చాలాసార్లు ముందుగా ఎదురయ్యే మాట ఇదే. ఆ మాటతోనే ఎన్నో ఫిర్యాదులు గడప దాటకుండా ఆగిపోతాయి. చట్టం మాత్రం ఈ వాదనను ఎప్పుడో తోసిపుచ్చింది. ఏకాంతంలో ఉన్నప్పటి దృశ్యాన్ని తీయడానికి స్త్రీ ఒప్పుకున్నా, దాన్ని ఇతరులకు చూపడానికి ఒప్పుకోకపోతే అలా పంచడం నేరమేనని భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ వివరణ చెబుతోంది. మొదటిసారి నేరం రుజువైతే ఏడాదికి తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు. మరి తనే తీసుకుని పంపిన సెల్ఫీ సంగతి? దానికి ఐటీ చట్టం 66ఈ సెక్షన్ ఉంది. ఒక వ్యక్తి రహస్యాంగాల చిత్రాన్ని, ఆ వ్యక్తి గోప్యతను భంగపరిచే రీతిలో, సమ్మతి లేకుండా బయటపెడితే అది వర్తిస్తుంది. బాధితుడు మగవాడైనా సరే. పరువు తీస్తానని బెదిరించడం న్యాయ సంహిత 351 కింద, ఆ భయం చూపి డబ్బు గుంజడం 308 కింద నేరాలు. కాబట్టి ఫొటో బయటికొచ్చేదాకా భరించాల్సిన పని లేదు.

కేసు పెడితే ఉన్న పరువూ పోతుందన్న భయం నిజమైనదే, తేలిగ్గా తీసిపారేయలేం. అందుకే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లలపై నేరాలను పేరు చెప్పకుండా తెలిపే వీలు కల్పించారు. అయితే నిందితుడికి శిక్ష పడాలంటే పేరుతో ఫిర్యాదు చేయడమే మేలు. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా, జీరో ఎఫ్ఐఆర్‌ను ఏ స్టేషన్‌లోనైనా పోలీసులు నమోదు చేయాలి. పోలీసులకు ఆన్‌లైన్‌లో పంపిన ఫిర్యాదుపై ఫిర్యాదుదారు మూడు రోజుల్లోగా సంతకం చేయాలి.

"నకిలీ ఖాతా కదా, ఎలా పట్టుకుంటారు?" అన్నది ఇంకో సందేహం. ఖాతా పేరు నకిలీ కావచ్చు, కానీ దాన్ని తెరిచిన ఫోన్ నంబరు, ఐపీ అడ్రస్ వివరాలు కంపెనీ దగ్గర ఉండే అవకాశం ఉంది, పోలీసులు వాటిని అడిగి తీసుకోగలరు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం, ఖాతా మూసేశాక కూడా నమోదు వివరాలను 180 రోజులు భద్రపరచాలి. ఆలస్యం చేసిన కొద్దీ ఆధారం చేజారుతుంది. నగ్న చిత్రాలు, మార్ఫింగ్ బొమ్మలపై బాధితులు ఫిర్యాదు చేస్తే రెండు గంటల్లో తొలగించే చర్యలు తీసుకోవాలని కూడా 2026లో సవరించిన ఆ నిబంధనలు విధించాయి. కంపెనీకి ఫిర్యాదు చేసే ముందు లింకు, ఖాతా పేరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకోవాలి, ఎందుకంటే తొలగించాక చూపడానికి ఏమీ మిగలదు. భయపడో, అసహ్యంతోనో చాటింగ్ చెరిపేయకండి. సందేశాలు వచ్చిన ఫోన్‌ను కూడా దాచి ఉంచండి, ఎందుకంటే కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఆ పరికరం వివరాలతో సర్టిఫికెట్ కావాలి.

మీ ఇంటి ఆడపిల్ల ఇలాంటి కష్టం చెప్పుకుంటే, ఎందుకు పంపావని నిలదీయకండి. ముందు ఆధారాలు భద్రం చేసి, ఆమె వెంట స్టేషన్‌కు వెళ్లండి.