చలి గ్యారేజీలో నిమ్ము చేరకుండా: హానోవర్ నుంచి కొన్ని చిట్కాలు

హానోవర్‌లో మా ఇల్లు రిక్లింగెన్ వైపు, లైనె నదికి దగ్గర్లో. ఇంటి పక్కనే కాంక్రీటు డబ్బాలాంటి గ్యారేజీ ఉంది. హీటింగ్ లేదు, కిటికీ లేదు. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడు ఇంట్లో చోటు చాలక బొమ్మల కొలువు అట్టపెట్టెను అందులో పెట్టాను. మార్చిలో తెరిచి చూస్తే అమ్మ ఇచ్చిన కొండపల్లి దశావతారాల మీద నల్లటి బూజు, నాలుగు బొమ్మలకు రంగు పెచ్చులుగా ఊడి వచ్చింది. పొణికి చెక్క, దాని మీద చింతగింజల మక్కు, నాలుగు నెలల చెమ్మ. ఇక మిగిలేదేముంది? ఆ రోజు చాలా ఏడ్చాను. అప్పటి నుంచి ఆ గ్యారేజీ మీద నాకు పట్టుదల వచ్చింది. ఈ పదేళ్లలో నేను చేసి చూసి, పనికొచ్చాయని తేల్చుకున్నవే ఇవన్నీ.

1. ముందు తేమ కొలిచే హైగ్రోమీటర్లు రెండు కొనండి, ఒకటి లోపలికి, ఒకటి బయట నీడలోకి. రెండూ కలిపి ఇరవై యూరోల్లోపే. తేమ 60 శాతం దాటితే ఇనుముకు తుప్పు, 70–80 దాటితే బూజు అని గుర్తుంచుకుంటే చాలు.

2. చెమ్మ ఎటు నుంచి వస్తోందో తెలియకుండా పైసా ఖర్చు పెట్టకండి. అరమీటరు చదరం మందపాటి ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగువైపులా టేపు వేసి నేలకు అతికించి రెండు రోజులు వదిలేయండి. కాగితం కింద తడి ఉంటే నేలలోంచి వస్తున్నట్టు, పైన తడి ఉంటే గాలిలోంచి దిగుతున్నట్టు.

3. ఎముకలు కొరికే చలి ఉన్న పొడి రోజే గ్యారేజీ తలుపు బార్లా తీయాల్సిన రోజు. చల్లగాలిలో నీరు తక్కువ. సున్నా డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి ఐదు గ్రాముల నీరు కూడా మోయలేదు. అది లోపలికి వచ్చి కాస్త వెచ్చబడిందంటే అక్కడి చెమ్మను పీల్చుకుని బయటికి పోతుంది, మనకు పైసా ఖర్చు లేకుండా.

4. మనవాళ్లందరూ పొరపాటు పడేది ఇక్కడే, నేనూ రెండేళ్లు పడ్డాను. వారం రోజులు గడ్డకట్టే చలి ఉండి, ఒక్కసారిగా పడమటి గాలి తిరిగి వెచ్చగా ముసురు పడుతుంది చూడండి. "అమ్మయ్య, వాతావరణం బాగైంది" అని ఆ రోజు తలుపు తీశారో, నేలా గోడా కారు అన్నీ ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు చెంబులా చెమర్చేస్తాయి. ఆ రెండు మూడు రోజులు తలుపు గట్టిగా మూసి, నేల చలి విరిగాక తీయండి.

5. ఎండాకాలంలోనూ అదే సూత్రం. జూన్, జులైల్లో 25 డిగ్రీల ఉక్క గాలిలో ఘనమీటరుకు 15 గ్రాముల దాకా నీరుంటుంది, 14 డిగ్రీల గోడ దగ్గర గాలి 12 గ్రాములే పట్టగలదు. మిగిలింది గోడ మీదే దిగుతుంది. తెల్లవారుజామున ఐదారింటికి తీసి, ఎండ ఎక్కకముందే మూసేయండి.

6. ఈ లెక్కలన్నీ మీకెందుకు, ఒక్క అంకె చూస్తే సరిపోతుంది. ఫోన్‌లో వాతావరణం యాప్ తెరిస్తే టౌపుంక్ట్ అని ఉంటుంది, డ్యూ పాయింట్ అన్నమాట. గ్యారేజీ నేల మీద ఒక థర్మామీటర్ పడుకోబెట్టండి. టౌపుంక్ట్ అంతకన్నా తక్కువుంటే తలుపు తీయండి, ఎక్కువుంటే ముట్టుకోకండి.

7. రోజంతా తలుపు కాస్త ఓరగా పెట్టి ఉంచే బదులు, పది పదిహేను నిమిషాలు పూర్తిగా తీసి మూసేయండి. ఇక్కడివాళ్లు ష్టోస్‌ల్యుఫ్టెన్ అంటారు. ఒక కారు పట్టే గ్యారేజీలోని గాలి మొత్తం కలిపినా అందులో ఉండే నీరు చలికాలంలో అర లీటరుకు లోపే. గాలి మారడానికి ఎంతసేపని!

8. అసలు నీరు గాలితో కాదు, కారుతో వస్తుంది. కారు మీద ఐదు సెంటీమీటర్ల మెత్తటి మంచు ఉందంటే, కరిగాక దాదాపు 20 లీటర్లు, అంటే రెండు చిన్న బిందెల నీళ్లు. లోపలికి తెచ్చే ముందు బ్రష్షుతో వాకిట్లోనే దులిపేయండి. చక్రాల పైన గూళ్లలో పేరుకున్న మంచుగడ్డను కూడా కర్రతో తట్టి రాల్చండి.

9. వానలో తడిసొచ్చిన కారును లోపల పెట్టి వెంటనే తలుపు మూయకండి, వేడి ఇంజను ఆ తడినంతా ఆవిరి చేసి గోడలకు పంచుతుంది. ఇంజను ఆపి, తలుపు అరగంట తీసి ఉంచండి. ఆరాలని ఇంజను నడుపుతూ మాత్రం లోపల నిలబడకండి, ఆ పొగ ప్రాణాలు తీస్తుంది.

10. నేల మీద నిలిచిన నీళ్లు ఆరేదాకా ఆగకుండా, మన బాత్‌రూముల్లో వాడే పొడవు కర్ర వైపర్‌తో బయటికి నెట్టేయండి. రెండు నిమిషాల పని. నేను మొదట గ్యారేజీ తలుపు పక్కన కొక్కెం కొట్టి తగిలించిన వస్తువు ఇదే.

11. రోడ్ల మీద చల్లే ఉప్పు టైర్లతో పాటు లోపలికి వచ్చి నేలలో ఇంకుతుంది. వానాకాలంలో మన ఉప్పు డబ్బా చెమర్చినట్టే ఆ నేల కూడా గాలిలోని తడిని లాక్కుంటుంది. మంచు రోజులు అయిపోయాక, గాలి ఉన్న పొడి రోజు చూసి ఒక్కసారి నేల కడిగి ఆరబెట్టండి.

12. వెనక గోడకు, తలుపు కింద ఉండే గాలి కన్నాలు చలి వస్తుందని గుడ్డలు కుక్కి మూయకండి. హీటింగ్ లేని గదికి చలితో నష్టం లేదు, గాలి ఆడకపోతేనే నష్టం. వాటికి అడ్డంగా పెట్టెలు కూడా పేర్చకండి.

13. తలుపు అడుగు రబ్బరు పట్టీ అరిగిపోతే మాత్రం మార్చండి, ఈదురు వానకు నీళ్లు దాని కిందనుంచే పారతాయి. బౌమార్క్ట్‌లో, అంటే ఇంటి మరమ్మతు సామాన్ల దుకాణంలో, మీటర్ల లెక్కన దొరుకుతుంది, కత్తెరతో మనమే వేసుకోవచ్చు.

14. నవంబరులో ఆకులు రాలాక కప్పు అంచున ఉండే నీటి కాలువను చేతొడుగులు వేసుకుని శుభ్రం చేయండి. అది పూడితే వాన నీళ్లు గోడ వెంటే దిగుతాయి. గోడ లోపలి వైపు చెమ్మ చూసి మందులు కొనేవాళ్లు చాలామంది ఈ కాలువ వైపు తలెత్తి చూడరు.

15. గోడ మొదట్లో బయటి వైపు మట్టి పల్లంగా ఉంటే రెండు బస్తాల మట్టి వేసి నీళ్లు బయటికి జారేలా వాలు ఇవ్వండి. 2023 క్రిస్మస్ వరదల్లో లైనె పొంగి ఒడ్డునున్న మాష్ పొలాలన్నీ మునిగినప్పుడు మా గ్యారేజీ నేల అడుగు నుంచే చెమర్చింది. అలాంటప్పుడు చేయగలిగిందేమీ లేదు, సామాను పైకెత్తి పెట్టుకోవడమే.

16. అందుకే ఏ వస్తువూ నేలను తాకకూడదు. పాత యూరో పాలెట్ ఒకటి వేస్తే నేల నుంచి 14 సెంటీమీటర్ల ఎత్తు ఉచితంగా దొరికినట్టే. గోడకూ సామానుకూ మధ్య జానెడు సందు వదలండి.

17. అట్టపెట్టెలు ఇవాళే బయటపడేయండి. చెమ్మను పీల్చి దాచుకుని, బూజుకు తిండి పెట్టేవి అవే. నేను మా కారు నిండా నింపి, ఇక్కడి చెత్త సంస్థ ఉంది కదా, ఆహా అని, వాళ్ల సేకరణ కేంద్రంలో ఇచ్చేశాను. వాటి బదులు మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాలు వాడండి.

18. ప్లాస్టిక్ డబ్బా మూతపెట్టేది పొడి రోజునే, అదీ వీలైతే ఇంట్లో. ముసురు రోజున మూస్తే ఆ చెమ్మనే లోపల బంధించినట్టు.

19. చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకండి. గుళికలను గిన్నెలో పోసి ఓవెన్లో 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్లీ కొత్తవే. పలుచటి బట్ట సంచిలో కట్టి డబ్బాలో వేయండి.

20. కాల్షియం క్లోరైడ్ గుళికల డబ్బా మూసి ఉండే చిన్న బీరువాలో బాగా పనిచేస్తుంది, గ్యారేజీ మొత్తానికి పెడితే డబ్బు దండగ. అడుగున చేరే నీరు ఇనుమును తినేస్తుంది, పనిముట్ల దగ్గర ఒలకనివ్వకండి.

21. తేమ లాగే మెషీను కొనాలనుకుంటే రకం అడిగి మరీ కొనండి. మామూలు కంప్రెసర్ రకం 10 డిగ్రీల కిందికి దిగితే లోపల మంచు కట్టి కూర్చుంటుంది. అడ్సార్ప్షన్ రకం సున్నా దగ్గర కూడా లాగుతుంది, కానీ గంటకు అర యూనిట్ దాకా కరెంటు తాగుతుంది. యూనిట్ 35 సెంట్ల లెక్కన రోజుకు ఎనిమిది గంటలు నడిపితే నెలకు నలభై యూరోలు. పైన చెప్పినవి చేశాక నాకు దాని అవసరం పడలేదు.

22. వెచ్చబెడదామని గ్యాస్ హీటరు, కిరోసిన్ స్టవ్, కుంపటి వంటివి ఎప్పుడూ వద్దు. కిలో గ్యాస్ కాలితే లీటరున్నర పైగా నీరు ఆవిరిగా గాలిలోకే వస్తుంది. దానితో పాటు వచ్చే విషవాయువుకు వాసన కూడా ఉండదు.

23. ఉతికిన బట్టలు గ్యారేజీలో ఆరేయకండి. ఒక్క మెషీను బట్టల్లో రెండు లీటర్ల నీరు ఉంటుంది.

24. గోడలకు ప్లాస్టిక్ పెయింటు వద్దు, సున్నం కొట్టండి. సంక్రాంతికి మన ఊళ్లో ఇంటికి కొట్టే సున్నమే. బౌమార్క్ట్‌లో కాల్క్‌ఫార్బె అని అడగండి. గోడ ఊపిరి పీల్చుకుంటుంది, సున్నం ఘాటుకు బూజు తొందరగా పట్టదు. కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు మాత్రం మరవద్దు.

25. గోడకు తెల్లటి ఉప్పు పొంగితే తడిగుడ్డతో తుడవకండి, మళ్లీ లోపలికే ఇంకుతుంది. గట్టి బ్రష్షుతో పొడిగా రాల్చి, ఊడ్చి ఎత్తేయండి.

26. కొద్దిగా బూజు కనిపిస్తే 70–80 శాతం ఆల్కహాలుతో తుడవండి, తలుపు తీసి, చుట్టుపక్కల నిప్పు లేకుండా. వెనిగర్ మనందరికీ అలవాటే, కానీ సున్నపు గోడ దాని పులుపును విరిచేస్తుంది. గోడల మీద వాడొద్దని ఇక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఉమ్‌వెల్ట్‌బుండెస్‌ఆమ్ట్ కూడా చెబుతోంది.

27. రేకు కప్పు నుంచి పొద్దున్నే బొట్లు రాలుతుంటే అది కారడం కాదు, చెమటే. రేకు లోపలి వైపుకు అతికించే ఫెల్ట్ లాంటి పొర దొరుకుతుంది. రాత్రి తడిని పట్టుకుని పగలు ఆరబెట్టుకుంటుంది.

28. గ్రైండరు, కుట్టుమిషను వంటివి పెట్టక తప్పకపోతే ప్లాస్టిక్ షీటు కప్పకండి, దాని కిందే చెమట పడుతుంది. పాత నేత చీరను రెండు మడతలు వేసి కప్పండి, దుమ్మూ పడదు, గాలీ ఆడుతుంది.

29. కత్తిపీట, పార, కత్తెరలకు కుట్టుమిషను నూనె పలచగా రాసి తగిలించండి. కొబ్బరినూనె వద్దు, ఈ చలికి గడ్డకట్టి జిడ్డు మిగులుతుంది. సైకిలు గొలుసుకీ అంతే, తుడిచి నూనె వేశాకే లోపలికి.

30. టైర్లు మార్చడానికి ఇక్కడ "ఓ నుంచి ఓ దాకా" అంటారు, అక్టోబర్ నుంచి ఓస్టర్న్, అంటే ఈస్టర్ దాకా చలికాలపు టైర్లు. తీసిన జతను కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి. రిమ్ములు ఉంటే ఒకదానిపై ఒకటి పేర్చొచ్చు, లేకపోతే నిలువుగా పెట్టి అప్పుడప్పుడు తిప్పండి.

31. బియ్యం బస్తా, పప్పులు, ఎండుమిర్చి గ్యారేజీలో వద్దే వద్దు. పెద్ద బస్తా చవకని తెచ్చి, పురుగూ బూజూ పట్టి సగం పారేస్తే చవకెక్కడిది?

32. అద్దె గ్యారేజీ అయితే నీళ్లు కారిన చోట తేదీ కనిపించేలా ఫొటోలు తీసి, యజమానికి వెంటనే రాతపూర్వకంగా తెలియజేయండి. నోటిమాటగా చెప్పింది తర్వాత ఎవరికీ గుర్తుండదు.

33. మాకు దసరా కొలువు ఎత్తేసే రోజులూ టైర్లు మార్చే రోజులూ ఇంచుమించు ఒకసారే వస్తాయి. ఆ శనివారమే హైగ్రోమీటరు బ్యాటరీ, తలుపు రబ్బరు, గాలి కన్నాలు, డబ్బాల మూతలు అన్నీ చూసుకుంటాను. ఒక పూట చాలు.

34. చెక్క, తోలు, పట్టు, ఫొటోలు, వీణ, పాత పుస్తకాలు ఎంత బాగా సర్దినా గ్యారేజీలో పెట్టకండి. వాటికి ఇంట్లోనే చోటు చేయండి, దాని కోసం సూట్‌కేసులను గ్యారేజీకి పంపండి. మిగిలిన మా ఆరు అవతారాలు ఇప్పుడు పడకగది అల్మారా పై అరలో, పాత చీర ముక్కల్లో చుట్టి ఉన్నాయి.